ఎనిమిదింటికే తాళమా?

మా అమ్మాయిల హాస్టల్ గేటుకు రాత్రి ఎనిమిదింటికల్లా తాళం పడుతుంది. లైబ్రరీ పదకొండు దాకా తెరిచే ఉంటుంది, అబ్బాయిలు చదువుకుంటారు. మేము పుస్తకం సగంలో మూసేసి పరుగెత్తాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే రిజిస్టర్‌లో కారణం రాయాలి, వాచ్‌మన్ ముందు సంజాయిషీ చెప్పుకోవాలి, ఇంటికి ఫోను కూడా వెళుతుంది! అడిగితే "మీ భద్రత కోసమేనమ్మా" అంటారు. భద్రత పేరుతో హాస్టళ్లలో విద్యార్థినులపై వివక్ష చూపే నియమాలు పెట్టరాదని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2015 నిబంధనల్లోనే ఉంది. ఆ ఏడాదే ఢిల్లీలో విద్యార్థినులు 'పింజ్రా తోడ్' (పంజరం బద్దలుకొట్టు) అంటూ వీధుల్లోకి వచ్చారు.

గేటు బయట టీ కొట్టు దగ్గర అర్ధరాత్రి దాకా కూర్చునే అబ్బాయిలను ఏం పని అని ఎవరూ అడగరు. మాకూ అక్కడ ఊరికే కూర్చుని టీ తాగాలని ఉంది. దారిలో వీధి దీపాలు వెలగకపోతే ముందు వాటిని బాగుచేయించండి, మమ్మల్ని లోపల పెట్టి తాళం వేయడమెందుకు?