నలుగురి సర్వర్‌కి నలభై ప్లగిన్లు

మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టేది ఆడుకోవడానికేనని ఇంకా నమ్మే అమాయకులు ఉన్నారు. ఆడుకునేవాళ్లు వేరు, సర్వర్ ఓనర్ వేరు. గుహలోకి దిగి బొగ్గు తవ్వడం, జాంబీ వెంటపడితే పరుగెత్తడం ప్రజల పనులు. ఓనర్ స్థాయి మనిషి నల్లటి కన్సోల్ ముందు కూర్చుని, 20 ఉండాల్సిన టీపీఎస్ (సర్వర్ సెకనుకు కొట్టే టిక్కులు) 19.6కి ఎందుకు జారిందా అని నుదురు రుద్దుకోవాలి. ఆడేది నలుగురే కావచ్చు, అందులో ఇద్దరు సొంత బాబాయి పిల్లలే కావచ్చు. పరిపాలన పరిపాలనే.

పరిపాలన అంటే ప్లగిన్లు, సర్వర్‌కి కొత్త పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములు. పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని ఒకసారి నడిపి, యూలా (వాడకపు ఒప్పందం) ఫైలులో ఫాల్స్ అన్నచోట ట్రూ అని దిద్ది (చదివి దిద్దినవారు ఎక్కడైనా ఉంటే శాలువా కప్పాలి), మళ్లీ నడిపితే ప్లగిన్స్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. ఖాళీ ఫోల్డర్‌ని చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం ఏ బాధ్యతగల ఓనర్‌కీ సాధ్యం కాదు.

మొదట ఎసెన్షియల్స్‌ఎక్స్. హోమ్, వార్ప్, కిట్ అంటూ నూటికి పైగా కమాండ్లు ఒక్క దెబ్బకు వచ్చిపడతాయి. వాడేవి ఐదారు. తర్వాత లక్‌పర్మ్స్, అంటే పదవుల శాఖ. ఓనర్, కో-ఓనర్, హెడ్ అడ్మిన్, అడ్మిన్, మోడరేటర్, హెల్పర్, వీఐపీ అని ఏడు గ్రూపులు, ఒక్కోదానికి ఒక్కో రంగు ట్యాగు. ఉన్నది నలుగురు కాబట్టి మూడు పదవులు ఖాళీ, సామాన్య పౌరుడు మాత్రం ఒక్కడూ లేడు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే. తీరా చూస్తే చాట్‌లో ట్యాగు కనిపించదు. లక్‌పర్మ్స్ పదవి ఇస్తుందే కానీ ప్రకటించదు. ఆ ట్యాగును తీసుకుని పేరు ముందు అచ్చువేయడానికి ఎసెన్షియల్స్‌ఎక్స్ చాట్ అనే వేరే జార్ (ప్లగిన్ ఫైలు), ఆ రెంటికీ మధ్య మాట మోయడానికి వాల్ట్ అనే మధ్యవర్తి కావాలి. వాల్ట్ అనగానే అందులో డబ్బు ఉంటుందని కొందరు ఆశపడతారు. ఉండదు. షాపు ప్లగిన్ అడిగిన లెక్కను, లెక్కలు రాసే ఇంకో ప్లగిన్‌కి చేరవేయడమే దాని ఉద్యోగం. లెక్కలు రాసేవాడు లేకపోతే షాపు తెరుచుకోదు.

ఇన్‌స్టాల్ చేసే పద్ధతికీ ఒక సంప్రదాయం ఉంది. సర్వర్ నడుస్తుండగానే పాత జార్ మీద కొత్త జార్ పడేసి రీలోడ్ కొట్టాలి. పేపర్ పాపం ‘నిజంగానేనా, కన్ఫర్మ్ చెయ్యి’ అని అడుగుతుంది. అడగడం దాని ధర్మం, వినకపోవడం మనది. ఆ తర్వాత పాత ప్లగిన్ ముక్కలు మెమరీలోనే వేలాడుతుంటాయి, ఒకే సందేశం రెండుసార్లు వస్తుంది, ఎవరూ ముట్టుకోని వేరే ప్లగిన్ ‘నో క్లాస్ డెఫ్ ఫౌండ్’ అంటూ కన్సోల్ నిండా ఎర్రగా కక్కుతుంది. ప్లగిన్స్ లోపల అప్‌డేట్ అని ఇంకో ఫోల్డర్ పెట్టి, కొత్త జార్‌ని అందులో వేసి, సర్వర్‌ని పద్ధతిగా స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే అదే పాతదాని స్థానంలోకి వెళ్లి కూర్చుంటుంది. అయితే అందులో ఒక నిమిషం పోతుంది. రాత్రంతా డీబగ్గింగ్‌కి కేటాయించిన ఓనర్‌కి నిమిషం విలువ తెలుసు.

ఇంత చేసినా ప్లగిన్ లేవకపోతే లాగ్ ఫైలు చదవడం లాంటి అవమానకరమైన పనికి దిగకూడదు. ‘క్లాస్ ఫైల్ వెర్షన్ 65.0’ అని కనిపిస్తే ప్లగిన్ చెడ్డదని తీర్మానించి రచయితకు ఒక్క స్టార్ ఇవ్వాలి. 65 అంటే జావా 21, మన మెషీన్‌లో ఉన్నది 61 వరకే చదవగల జావా 17 అన్నది చిన్న విషయం. మైన్‌క్రాఫ్ట్ 1.20.5 దగ్గర్నుంచి సర్వరే జావా 21కి తక్కువైతే కదలదు. కాన్ఫిగ్ ఫైలులో వరుస జరపడానికి స్పేస్ బదులు ట్యాబ్ నొక్కితే దాని భాష యామల్ మొత్తం ఫైలునే తిరస్కరిస్తుంది. అప్పుడు కొన్ని ప్లగిన్లు నోరెత్తకుండా డిఫాల్ట్ సెట్టింగులతో నడిచిపోతాయి. రెండు గంటలు దిద్దిన ధరల పట్టిక ఎందుకు మారలేదో ఓనర్ మూడో గంటలో ఆలోచిస్తాడు.

ఇక అసలైన రాజకార్యం, పర్యవేక్షణ. చాట్‌లో ‘అన్నా, ల్యాగ్ వస్తోంది’ అని ఒక మాట పడగానే యంత్రాంగం కదలాలి. ఆ ఒక్క మాటలో మూడు రోగాలున్నాయి. వాడి ఒక్కడి తెర ముక్కలు ముక్కలుగా కదిలితే అది వాడి ఫోనో, గ్రాఫిక్స్ కార్డో. వాడు ఒక్కడే వెనక్కి జారిపోతూ మిగిలినవాళ్లు బాగుంటే అది పింగ్, అంటే ఇంట్లో వైఫై. పగలగొట్టిన బ్లాక్ అందరికీ మళ్లీ ప్రత్యక్షమై, ఆవులు నిలబడిపోతే అప్పుడు తప్పు సర్వర్‌ది. ఈ విచారణ అంతా దేనికి? మూడింటికీ మందు ఒకటే: ర్యామ్ పెంచడం. నాలుగు జీబీ సరిపోయే సర్వర్‌కి పదహారు ఇస్తే మెమరీలో చెత్త ఊడ్చే పని కొన్నిసార్లు ఇంకా పెద్ద కుదుపుగా వస్తుంది. ప్రపంచాన్ని నడిపించే పనిలో ఎక్కువ భాగం ఒకే థ్రెడ్ మీద సాగుతుంది కనుక పదహారు కోర్ల ప్రాసెసర్‌లో చాలా కోర్లు ప్రేక్షకులే.

కొలవడానికి స్పార్క్ అనే ప్లగిన్ ఉంది. పేపర్ 1.21 నుంచి అది లోపలే వస్తోంది, విడిగా వేయనక్కర్లేదు. సర్వర్ సెకనుకు 20 టిక్కులు కొట్టాలి, అంటే ఒక్కో టిక్కుకు 50 మిల్లీసెకన్ల గడువు. టిక్కు 5 మిల్లీసెకన్లలో అయిపోయినా, 49లో కొన ఊపిరితో అయినా టీపీఎస్ 20 అనే చూపిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ఎంఎస్‌పీటీ (ఒక్కో టిక్కుకు పట్టిన మిల్లీసెకన్లు) చూస్తారు, ఓనర్లు టీపీఎస్ చూసి నిద్రపోతారు. స్పార్క్ ప్రొఫైలర్‌ని ల్యాగ్ వస్తున్నప్పుడే ఆన్ చేసి, ఐదు నిమిషాలు ఉంచి ఆపితే ఒక లింకు ఇస్తుంది. ఏ ప్లగిన్ ఎంత శాతం తింటోందో అందులో కొమ్మలు కొమ్మలుగా విప్పుకోవచ్చు. వంద మిల్లీసెకన్లు దాటిన టిక్కులనే పట్టమని చెప్పే సదుపాయం కూడా ఉంది. మన ఓనర్ దాన్ని అర్ధరాత్రి రెండింటికి, అందరూ పడుకున్నాక నడుపుతాడు. అంతా పచ్చగా ఉంటుంది. ఆ బొమ్మ తీసి డిస్కార్డ్‌లో పెడతాడు.

కన్సోల్ మాత్రం ‘క్యాంట్ కీప్ అప్! ఈజ్ ద సర్వర్ ఓవర్‌లోడెడ్?’ అని, 5012 మిల్లీసెకన్లు, అంటే 100 టిక్కులు వెనకబడ్డానని అప్పుడప్పుడు మొరపెట్టుకుంటుంది. దానికి విరుగుడుగా ల్యాగ్ తగ్గించే ప్లగిన్ వస్తుంది. అది కొన్ని నిమిషాలకోసారి నేల మీద పడిన వస్తువులన్నీ ఊడ్చేస్తుంది. ఆ వస్తువులు వాటంతట అవే ఐదు నిమిషాలకు మాయమవుతాయని ఆట పుట్టించినవాళ్లు ఎప్పుడో ఏర్పాటు చేశారు. నెదర్‌లో చచ్చి, డైమండ్ కవచం కోసం లావా పక్కగా పరుగెత్తుకొస్తున్న తమ్ముడికి మూడడుగుల దూరంలో ‘312 వస్తువులు తొలగించబడ్డాయి’ అని ప్రకటన వెలువడుతుంది. ఆ ప్లగిన్ బాగా పనిచేస్తోందో లేదో చూడటానికి తెర పక్కన స్కోర్‌బోర్డు, అందులో టీపీఎస్, ర్యామ్, ఆన్‌లైన్ సంఖ్య. ఆ బోర్డు ప్రతి టిక్కుకూ తాజా కావాలి. ఇప్పుడు స్పార్క్‌లో పై వరుసలో కనిపించేది ఆ బోర్డే.

కొందరు గిట్టనివాళ్లు సర్వర్.ప్రాపర్టీస్‌లో వ్యూ డిస్టెన్స్ (కనిపించే దూరం) 10ని 6 చేస్తే చాలంటారు. పదికి ఒక్కో మనిషి చుట్టూ 441 చంకులు (భూమి ముక్కలు) తెరిచి ఉండాలి, ఆరుకి 169. సిమ్యులేషన్ డిస్టెన్స్ (జంతువులు, పంటలు కదిలే దూరం) కూడా ఐదుకో ఆరుకో దించమంటారు. ఎలైట్రా రెక్కలతో ఎగిరేవాడు దారి పొడుగునా కొత్త భూమి పుట్టిస్తుంటాడు కాబట్టి చంకీ అనే ప్లగిన్‌తో ముందే 5000 బ్లాకుల వ్యాసార్థం పుట్టించి, అక్కడే వరల్డ్ బోర్డర్ గీయమంటారు. చతురస్రంగా చేస్తే అది దాదాపు 3,90,000 చంకులు, ఒక రాత్రి వదిలేస్తే అయ్యే పని. ఒకే గదిలో కుక్కిన ఎనభై మంది విలేజర్లను సగం చేయమని కూడా అంటారు. వీటిలో చంకీ తప్ప దేనికీ కొత్త జార్ అవసరం లేదు. పరిపాలనా దక్షత ఎక్కడ కనిపించాలి మరి?

భద్రత గురించి ఓనర్లకు చెప్పే పని లేదు. డబ్బు పెట్టి కొనాల్సిన ప్లగిన్ ఎవరో దయాశీలి ఉచితంగా పంచుతుంటే ఎందుకు పంచుతున్నాడని అడగడం మర్యాద కాదు. చాట్‌లో ఒక రహస్య పదం కొడితే ఆ దయాశీలికి ఆప్ (సర్వాధికార) హోదా వచ్చే ఏర్పాటు అందులో ఉండవచ్చు. 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అనే మాల్వేర్ కర్స్‌ఫోర్జ్, బక్కిట్ సైట్లలోని మాడ్లు, ప్లగిన్లలోకే దూరింది. నమ్మకమైన చోటే అలా ఉంటే, టెలిగ్రామ్‌లో వచ్చిన జిప్ గురించి చెప్పేదేముంది? ఆట కొనని స్నేహితుల కోసం ఆన్‌లైన్ మోడ్‌ని (ఆట కొన్న ఖాతానా కాదా అనే తనిఖీని) ఫాల్స్ చేస్తే ఓనర్ పేరు పెట్టుకుని ఎవరైనా ఓనర్‌గా లోపలికి రావచ్చు. కనుక ఆత్‌మీ అనే పాస్‌వర్డ్ ప్లగిన్, అది నలభై ఒకటోది. మోడ్ మార్చగానే ప్రతి ఒక్కరి గుర్తింపు సంఖ్య మారి, అందరి సామాన్లూ ఖాళీ అవుతాయి. పాత ఫైళ్లు వరల్డ్ ఫోల్డర్ లోపల భద్రంగానే ఉంటాయి, వేరే పేరుతో.

బ్యాకప్‌కి సేవ్-ఆఫ్ కొట్టి, సేవ్-ఆల్ ఫ్లష్ చేసి, వరల్డ్ ఫోల్డర్లన్నీ కాపీ చేసి, సేవ్-ఆన్ కొట్టాలి. చివరిది మరిచిపోతే సర్వర్ మామూలుగానే నడుస్తుంది, ఆటోసేవ్ మాత్రం జరగదు. కరెంటు పోయిన రోజున తెలుస్తుంది. కాపీని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ఓనర్లు ఏనాడో సమాధానం కనిపెట్టారు: అదే డిస్కులో, ప్లగిన్స్ ఫోల్డర్ లోపల.