మావయ్యగారి మాత్ర

తెలుగు సంఘం ఉగాది విందులో కొత్తవాళ్లెవరైనా కలిస్తే మా ఆవిడ నన్ను "ఈయనకి మ్యూజిక్ అంటే ఇష్టం" అని పరిచయం చేసి ఊరుకుంటుంది. అవతలివాళ్లు వెంటనే "ఘంటసాలా, ఇళయరాజానా?" అంటారు. చిరునవ్వు నవ్వి పులిహోర వైపు నడవడం మా ఇద్దరికీ క్షేమం. లేకపోతే ఫిష్ అని ఒక బ్యాండు ఉందనీ, అందులో నలుగురున్నారనీ, వేసవి వస్తే వాళ్లు ఏ ఊళ్లో వాయిస్తే ఆ ఊరికి కారేసుకుని పోతాననీ, ఇవాళ విన్నవాళ్లనే రేపూ వింటాననీ చెప్పాల్సి వస్తుంది. ఇప్పటికి ఎన్ని కచేరీలు చూశావని మాత్రం అడక్కండి. ఆ లెక్క నా దగ్గర ఉంది, ఇంట్లో లేదు.

ఇది జామ్ బ్యాండ్ల జబ్బు, అంటే ఎత్తుకున్న పాటని అప్పటికప్పుడు పెంచుకుంటూ పోయేవాళ్ల జబ్బు. మొదట అంటించింది 1965లో కాలిఫోర్నియాలో పుట్టిన గ్రేట్‌ఫుల్ డెడ్. ముప్పై ఏళ్లలో రెండు వేల మూడు వందలకు పైగా కచేరీలు చేశారు. ఏ రెండూ ఒకలా ఉండవు. ఏం పాడతారో ముందు చెప్పరు. ఎత్తుకున్న పాట అరగంట తర్వాత ఎక్కడ తేలుతుందో వాళ్లకే తెలీదు. అందుకని జనం ఊరూరా వెంటపడ్డారు. రికార్డర్లు, మైకులు పట్టుకొచ్చేవాళ్లని తరిమెయ్యకుండా 1984లో వాళ్లకి విడిగా చోటు కూడా కేటాయించారు. షరతు ఒక్కటే, ఆ టేపులు అమ్ముకోకూడదు, ఇచ్చిపుచ్చుకోవాలి. నేను చదువుకి అమెరికాలో దిగేసరికి ఆ బ్యాండు గిటారిస్టు జెర్రీ గార్సియా పోయి ఏడాది దాటింది. నా రూమ్మేటు మంచం కింద చెప్పుల పెట్టెల నిండా ఆయన క్యాసెట్లే. అవి వినీ వినీ పిచ్చి పట్టాక బతికున్న బ్యాండు ఒకటి కావాలి కదా. 1983లో వెర్మాంట్ కాలేజీ కుర్రాళ్లు మొదలుపెట్టిన ఫిష్ అలా తగులుకుంది.

మన కర్ణాటక సంగీత కచేరీలు మరిగినవాళ్లకి ఇదేమంత వింత కాదు. డెడ్ వాళ్ల రెండో సగంలో డ్రమ్ముల వాళ్లిద్దరే వాయించే ఘట్టం ఒకటుండేది. తని ఆవర్తనం మొదలవగానే మన సభల్లో జనం క్యాంటీనుకి లేచిపోయినట్టే అక్కడా లేచిపోయేవాళ్లు. ఆ ఇద్దరిలో ఒకడైన మికీ హార్ట్ మన జాకిర్ హుస్సేన్‌తో కలిసి వాయించి గ్రామీ కూడా తెచ్చుకున్నాడు. అయినా లేచేవాళ్లు లేచేవాళ్లే.

ఈ జబ్బులో ముదురు లక్షణం, ఒక పాట కోసం కాచుకోవడం. ఫిష్ వాళ్ల దగ్గర పాటలకి కరువు లేదు. 2017లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పదమూడు రాత్రులు వాయించి, రాత్రికో డోనట్ రుచి పంచిపెట్టి, మొత్తం 237 పాటల్లో ఒక్కటి కూడా మళ్లీ పాడలేదు. అంత పెద్ద సంచిలోంచి మనకి కావాల్సింది మనం వెళ్లిన రాత్రే బయటికి రావాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాలి. నేను కాచుకున్నది 'హార్ప్వా'. సగం పాట, సగం కథ. జిమ్మీ అనే కుర్రాడు, వాడి పిల్లి, హార్ప్వా అనే పొగరుబోతు బుల్‌డాగ్. గిటారిస్టు ట్రే అనస్టాసియో పాట మధ్యలో ఆపి కథ చెబుతాడు, అదీ ప్రతిసారీ ఒకేలా చెప్పడు. ఎప్పుడో తప్ప పాడరు. నేను వెళ్లిన రాత్రి అసలు పాడరు. సెలవు దొరక్క ఇంటికి తిరిగొచ్చేసిన మర్నాడు పాడతారు.

కిందటి వేసవిలో మా మావయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చారు. అత్తగారు చిన్న కూతురి పురుడని అక్కడే ఉండిపోయారు. సరిగ్గా నా రెండు రాత్రుల కచేరీల సమయానికి మా ఆవిడకి ఆఫీసు పని మీద ఊరెళ్లాల్సి వచ్చింది. "నాన్నని ఒక్కరినీ ఇంట్లో వదలడానికి వీల్లేదు, మీ వెంట తీసుకెళ్లండి, ఆయనకీ సంగీతం ఇష్టమే కదా" అంది. అందులో కక్ష ఉందో, అమాయకత్వం ఉందో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఏ ఊరు కచేరీయో చెప్పను. చెబితే మా గుంపులో వాళ్లు తేదీ, వరస, నిమిషాలతో సహా నాకే అప్పజెప్పి పుండు మీద కారం చల్లుతారు.

కారు దిగామో లేదో ఒక కుర్రాడు చూపుడువేలు ఆకాశానికెత్తి ఎదురొచ్చాడు. మావయ్యగారు భక్తిగా పైకి చూశారు. టికెట్ లేనివాళ్లు అలా వేలెత్తి తిరుగుతారనీ, పుణ్యాత్ములెవరైనా ఊరికే ఇస్తే దాన్ని మిరకిల్ అంటారనీ చెప్పాను.

"పాపం, నాది ఇచ్చెయ్యండి అల్లుడుగారూ. నేను కార్లో కూచుని పేపరు చూసుకుంటాను."

రాత్రిపూట, కొత్త దేశంలో, మైదానంలో, కార్లో మావగారు ఒంటరిగా! మా ఆవిడకి తెలిస్తే నేను జన్మంతా కార్లోనే కూచోవాలి. ఇవ్వనివ్వలేదు. ఇచ్చి ఉంటే మాత్రా మనిషీ ఒక్కచోటే ఉండేవారు. ఆ సంగతి తర్వాత.

లోపల పచ్చికలో దుప్పటి పరుచుకున్నాం. మా పక్కన తెల్లగడ్డం పెద్దాయన, డెడ్ కాలం నుంచీ తిరుగుతున్న మనిషి. కచేరీ మొదలయింది. మావయ్యగారు చేతులు కట్టుకుని తొడ మీద తాళం కోసం వెతుక్కున్నారు.

"ఆ డ్రమ్ములాయన నైటీ వేసుకున్నాడేంటండీ?"

నిజానికి ఫిష్‌మన్ వేసుకునేది డోనట్ల బొమ్మలున్న గౌను. కానీ ఆ మాట విన్నాక నాకు కూడా మా వీధిలో పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం బయటికొచ్చే పిన్నిగారే కనపడుతున్నారు. ఆయన ఒక్కోసారి వాక్యూమ్ క్లీనర్ గొట్టం నోటికి ఆనించి వాయిస్తాడని కూడా చెప్పాను.

"మా అమ్మాయి మీ చేత ఇల్లు ఊడిపించేది దాంతోనే కదా? మీరూ ప్రయత్నించాల్సింది."

ఇరవై నిమిషాలు సాగిన జామ్ ఒకటి అయ్యాక, "పల్లవి బాగానే ఎత్తుకున్నాడు గానీ దించడం మర్చిపోయాడు" అన్నారు. గాలి మళ్లినప్పుడు ముక్కు ఎగబీల్చి, "ఇది కొండ మీద సాధువుల దగ్గరొచ్చే వాసన కాదూ?" అన్నారు. నేను దూరంగా ఉన్న చెట్ల గురించి మాట్లాడాను.

రెండో సగం మొదలయ్యాక ఆయన ఫోను మోగింది. ఇక్కడ రాత్రి తొమ్మిదంటే రాజమండ్రిలో పొద్దున్న ఆరున్నర. అత్తగారు. ఆయనకి వినపడక ఫోను నా చేతిలో పెట్టారు.

"ఆయన షుగరు మాత్ర వేసుకున్నారా బాబూ? వెనకాల ఆ హోరేంటి, వానా?"

వానేనని చెప్పాను. మాత్ర కార్లో ఉన్న సంచిలో ఉంది. అలాంటి చోట్ల బయటికెళ్తే మళ్లీ రానివ్వరు. గేటు దగ్గర మనిషి మాత్రం దయగలవాడు, మందు అనగానే చేతికి కాగితప్పట్టీ చుట్టి వదిలేశాడు. అతను కాస్త కఠినాత్ముడై ఉంటే నేనీ వ్యాసం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

కార్లు ఆపింది ఊరవతల గడ్డి మైదానంలో. వెలుతురున్నప్పుడు వరసలుగా ఉన్న కార్లు చీకట్లో వరసలు మార్చుకున్నాయి. సగం సుబారులే. తాళం మీద మీట నొక్కుతూ తిరిగాను. ఎక్కడో నా కారు కూసింది, ఇంకెక్కడో ఇంకొకళ్లది బదులు కూసింది. వేదిక వైపు నుంచి గుబగుబమనే చప్పుడు తప్ప పాట తెలియడం లేదు. అప్పుడు వినపడింది జనం హోరు. మామూలు పాటకి ఒక హోరుంటుంది, కచేరీ ముగిసినప్పుడు ఒకటుంటుంది. ఇది మూడోది. అరుదైన పాట మొదటి రెండు స్వరాలకే వేల మంది ఒక్కసారి గుర్తుపట్టినప్పటి హోరు. నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. పరిగెత్తాను. ఎటో తెలీదు, సుబారుల మధ్య పరిగెత్తాను.

మాత్ర పట్టుకుని రొప్పుతూ తిరిగొచ్చేసరికి ఇంకేదో పాట జరుగుతోంది. తెల్లగడ్డం పెద్దాయన నన్ను చూసి కళ్లద్దాలు తీశాడు.

"ఎక్కడికెళ్లావు?"

"కారు దగ్గరికి."

"హార్ప్వా" అన్నాడు. అంతే అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

మావయ్యగారు మాత్రం మహా హుషారుగా ఉన్నారు. "మీరు అలా వెళ్లారో లేదో, వాయించడం ఆపి హరికథ మొదలెట్టాడండీ! అర్థం కానివి ఈ గడ్డం ఆయన చెవిలో చెప్పాడు. పిల్లాడు, పిల్లి, ఒక దుష్ట కుక్క. పాపం పిల్లి పోయింది. మధ్యలో పిట్టకథలోకి దిగితే ఇంక తిరిగి రాడేమో అని భయపడ్డాను గానీ, భలే వచ్చాడు. మా చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో దాసుగార్లు ఇలాగే చేసేవారు."

మాత్ర చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది భోజనం చేశాక వేసుకునేది కదండీ."

పార్కింగులో ఉండగా చెవిన పడినా విన్నట్టే లెక్కా అని పెద్దాయన్ని అడిగాను. ఆయన న్యాయంగా ఆలోచించాడు. టాయిలెట్‌లో ఉండి వింటే లెక్కేనట. ఆ విషయంలో పెద్దల్లో ఏకాభిప్రాయం ఉందట. గేటు దాటితే మాత్రం కుదరదన్నాడు.

కచేరీ అయ్యాక పార్కింగులో సంత మొదలవుతుంది. డెడ్ పాట పేరు మీదే దాన్ని షేక్‌డౌన్ స్ట్రీట్ అంటారు. చొక్కాలు, బురిటోలు, పెనం మీద కాల్చిన చీజ్ శాండ్‌విచ్‌లు. ఒక మూల మత్తు గ్యాసు నింపిన బుడగలు పీలుస్తున్న నడివయసు మగాళ్లని చూసి "పుట్టినరోజా?" అన్నారు మావయ్యగారు. ఇంతలో పెద్దాయన ఎవరితోనో, "ఈయనకిదే మొదటి కచేరీ. హార్ప్వా దొరికింది" అన్నాడు. ఆ మాట వరసల మధ్య పాకిపోయింది. ఎవరెవరో వచ్చి చెయ్యి కలుపుతున్నారు, కావలించుకుంటున్నారు. ఒకమ్మాయి తన టోపీకున్న బిళ్ల తీసి ఆయన స్వెట్టరుకి గుచ్చింది. శాండ్‌విచ్‌ల వాడు ఒకటి చేతిలో పెట్టి డబ్బులు వద్దన్నాడు. నేను కూడా చెయ్యి చాపాను. నాకు ధర చెప్పాడు.

ఎవరో "కథ ఎలా అనిపించింది?" అని అడిగారు. అడక్కుండా ఉండాల్సింది. ముప్పై ఏళ్లు స్కూల్లో సోషల్ చెప్పిన మనిషి, గొంతు సవరించుకుని జిమ్మీ దగ్గర్నుంచి అందుకున్నారు. కుక్క వచ్చే ఘట్టంలో కండువా సరిచేసుకున్నట్టు దుప్పటి భుజాన వేసుకున్నారు. గుంపులో ఇద్దరు ఫోన్లు పైకెత్తి రికార్డు చేస్తున్నారు. ఆ రాత్రి హార్ప్వా కథ నేను మొదటిసారి విన్నది అక్కడ, గుంపు వెనక వరసలో నిలబడి, మావయ్యగారి ఇంగ్లీషులో.

హోటలు గదికి చేరేసరికి ఒంటిగంట దాటింది. రేపు రెండో రాత్రి కదా, కాస్త ముందే వెళ్లి మంచి చోటు పట్టుకుందామన్నాను.

"పాడిన పాట మళ్లీ పాడరన్నారు కదా మీరు?"

"రేపైతే పాడరు మావయ్యగారూ."

"మరి ఆ కథ లేనప్పుడు వచ్చి ఏం లాభమండీ? నేను పడుకుంటాను, మీరు వెళ్లి రండి" అని దుప్పటి ముసుగు పెట్టి, మళ్లీ తల బయటికి పెట్టారు. "మాత్ర మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లండి."