ఎర్రచందనం మొక్కకు నీళ్లు అక్కర్లేదా?

ఎర్రచందనం శేషాచలం రాళ్లలో పుట్టిన చెట్టు గనుక ఏ నెలలోనైనా నాటి వదిలేయవచ్చని, నీళ్లు పోస్తే మొక్క సోమరిదవుతుందని, ఆకు రాలితే చచ్చినట్టేనని, ఎండలు ఎంత పెరిగినా మన అడవి చెట్లకు ఏమీ కాదని చెప్పే సందేశం ఒకటి తిరుపతి, చిత్తూరు వైపు ఫోన్లలో తెగ తిరుగుతోంది. చెట్టుకు చెల్లే మాటను మొక్కకు అంటగట్టడమే ఇందులోని అసలు పొరపాటు.

శేషాచలం, వెలిగొండ, లంకమల కొండల రాతి నేలల్లో ఎర్రచందనం నిలబడుతున్న మాట వాస్తవమే. అయితే ఆ బలం వేళ్లది. పెద్ద చెట్టు వేరు రాతి పగుళ్లలోకి దిగి, పైమట్టి ఎండిన తరువాత కూడా లోతున మిగిలిన తేమను అందుకుంటుంది. జానెడు మొక్క వేరు ఉండేది అన్నిటికంటే ముందు ఎండిపోయే పై పొరలోనే. అడవిలోనూ మొలిచినవన్నీ చెట్లు కావు. మిగిలినవే మన కంటికి కనిపిస్తాయి. చంద్రగిరి దగ్గర ఒక గట్టు మీద ఎండిన మొక్కను పీకి చూశాను. నాటి ఎనిమిది నెలలైనా దాని వేళ్లు నర్సరీ సంచి ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, బయటి మట్టిలోకి వేలెడు కూడా సాగలేదు.

సోమరితనం మాటలో సగం నిజముంది. రోజూ చెంబెడు పోస్తే పైమట్టే తడుస్తుంది, వేరూ అక్కడే ఉండిపోతుంది. పాదు నిండా పోసి, లోతుకు ఇంకనిచ్చి, మట్టి ఆరాక మళ్లీ పోస్తే వేరు తేమ వెంట కిందికి దిగుతుంది. నీరు నిలవడం కూడా దీనికి గిట్టదు.

ఆకు రాల్చడం చావు కాదు, నీటి ఖర్చు తగ్గించుకోవడం. కాండాన్ని గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

ఎండల సంగతి అంత తేలిక కాదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు కనుక, అంతే వాన కురిసినా ఆకు నుంచి, నేల నుంచి నీరు త్వరగా పోతుంది. మొక్క పత్రరంధ్రాలు (ఆకు మీద గాలి, ఆవిరి వచ్చిపోయే సన్నని రంధ్రాలు) మూసుకుంటే నీరు మిగులుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాక ఆహార తయారీ ఆగుతుంది, ఆకు వేడెక్కుతుంది; మూసుకోకపోతే నీటినాళాల్లో గాలి బుడగలు చేరి ప్రవాహం తెగుతుంది. లేత మొక్క దగ్గర నిల్వలు తక్కువ, ఎక్కువ రోజులు ఓర్చుకోలేదు.

ఇక ఏ నెలైనా ఒకటే అనడం మన వానలు తెలియని మాట. తొలకరికి నాటిన మొక్కకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడి కూడా దక్కుతుంది. ఫొటోల కోసం జనవరిలో నాటిన దానికి ఎండలు ముదిరేలోపు వేరు దించుకునే వ్యవధే ఉండదు.