నాలుగు వేలు తగ్గించిన షోరూమే మేలైనదా?

మోటారు సైకిలు కొనబోయేవారి కోసమంటూ వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సలహా తిరుగుతోంది. బండిని తయారుచేసేది కంపెనీ గనుక ఏ షోరూంలో కొన్నా బండి ఒక్కటేననీ, నలుగురు డీలర్ల దగ్గర కొటేషన్లు తీసుకుని ఎవరు తక్కువకిస్తే వారి దగ్గరే కొనాలనీ, వారంటీ కంపెనీదే కాబట్టి సర్వీసు ఎక్కడైనా చేయించుకోవచ్చనీ, అసలు షోరూం సర్వీసుకంటే వీధి చివరి మెకానిక్కే నయమనీ దాని సారాంశం. ఇందులో విడివిడిగా కొన్ని మాటలు నిజమే. వాటిని కలిపి తేల్చిన నిర్ణయంతోనే నాకు పేచీ.

మొదట 'తక్కువ ధర' సంగతి చూద్దాం. కొటేషను కాగితంలో చివరి అంకె ఒక్కటే కాకుండా పై వరుసలన్నీ చదివితే విషయం తేటపడుతుంది. ఎక్స్‌షోరూం ధరను, అంటే లైఫ్ ట్యాక్సూ బీమా కలపక ముందు ధరను, కంపెనీ నిర్ణయిస్తుంది. ఒకే ఊళ్లో ఒకే మోడలుకు అది సాధారణంగా మారదు. లైఫ్ ట్యాక్సు రాష్ట్ర ప్రభుత్వానిది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికి) తప్పనిసరి కాగా, దాని ప్రీమియాన్ని కూడా కేంద్రమే ప్రకటిస్తుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన పట్టికలో 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న బండికి అది 3,851 రూపాయలు, 150 దాటి 350 వరకు ఉన్నదానికి 7,365 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇవేవీ డీలరు చేతిలో లేనప్పుడు ఇద్దరి మధ్య నాలుగైదు వేల తేడా ఎక్కడి నుంచి వస్తోంది? కొంత డీలరు తన మార్జిన్‌లోంచి నిజంగా వదులుకున్నది కావచ్చు. చాలాసార్లు మాత్రం అది ఓన్ డ్యామేజ్ బీమా (మన బండికే కలిగే నష్టానికి), ఎక్స్‌టెండెడ్ వారంటీ, క్రాష్ గార్డు, సీటు కవరు, ఎందుకో ఎవరూ సరిగా చెప్పని 'హ్యాండ్లింగ్ ఛార్జీలు' అనే వరుసల్లో దాగి ఉంటుంది. ఓన్ డ్యామేజ్ పాలసీని ఆ షోరూంలోనే తీసుకోవాలన్న నియమమేదీ లేదు. ఎక్కువ చెప్పిన డీలరునే ఆ వరుసలు తీసేయమని అడిగితే తేడా సగానికి పడిపోవడం నేను చూశాను. లోను మీద కొనేవారు మరొకటి గమనించాలి: లక్ష రూపాయల అప్పుకు మూడేళ్ల గడువులో ఫ్లాట్ వడ్డీ (కిస్తీలు కడుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే లెక్కకట్టేది) ఏడాదికి ఒక్క శాతం పెరిగితే 3,000 రూపాయలు పోతాయి; ఆ లెక్కన తగ్గించామన్న సొమ్ము కిస్తీల్లో తిరిగి వసూలైపోతుంది.

ఇక 'ఏ షోరూంలో కొన్నా బండి ఒక్కటే' అన్న మాట ఫ్యాక్టరీ గేటు వరకే చెల్లుతుంది. లారీలో వచ్చిన బండికి బ్యాటరీ ఛార్జింగు, టైర్లలో గాలి, చైను బిగువు, బ్రేకులు, బోల్టులు సరిచూసి ఇవ్వవలసినది డీలరే.

వారంటీ విషయంలో ఆ సలహా అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. కంపెనీ వారంటీ అధీకృత సర్వీసు కేంద్రాలన్నిటా చెల్లుతుందన్నది నిజమే. అయితే అది తయారీ లోపానికే వర్తిస్తుంది. బిగించిన చేతి తప్పుకు వర్తించదు. నేనూ ఒకప్పుడు 3,800 రూపాయలు కలిసివస్తాయని నగరానికి అవతలి చివర ఉన్న షోరూంలో బండి కొన్నాను. మొదటి సర్వీసులో కుర్రవాడు పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ బోల్టును, గాలి ఒత్తిడితో బోల్టులు బిగించే ఎయిర్ గన్‌తో బిగిస్తుంటే పక్కనే నిలబడి చూశాను కానీ నోరు మెదపలేదు. ఇంజిన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఆ బలానికి మెత్తని లోహమే ఓడిపోతుంది. రెండో సర్వీసు అయిన వారానికి బండి కింద రూపాయి బిళ్లంత నూనె మరక కనిపించింది. బోల్టు విప్పితే కేసులోని థ్రెడ్, అంటే బోల్టు పట్టుకునే మర, సన్నని వెండి తీగలా దానికి చుట్టుకుని బయటికొచ్చింది. "బయటెక్కడో విప్పించి ఉంటారు సార్" అన్నారు కొన్నచోట. ఇంటి దగ్గరి కేంద్రంవారు మర్యాదగానే, ఇది వేరే డీలరు చేసిన పని కనుక తాము వారంటీ కింద రాయలేమన్నారు. లేత్ షాపులో కొత్త థ్రెడ్ వేయించుకోవలసి వచ్చింది. ఖరీదైన డీలరు దగ్గర ఎయిర్ గన్ ఉండదని కాదు. ఎక్కువ తీసుకున్నంత మాత్రాన పని బాగుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

వీధి మెకానిక్కు నైపుణ్యం మీద నాకు అనుమానం లేదు. కానీ 2020 ఏప్రిల్ 1న వాహనాల పొగపై బీఎస్ 6 ప్రమాణాలు వచ్చాక చాలా బండ్లలో కార్బ్యురేటరు స్థానంలో, ఎలక్ట్రానిక్ అదుపుతో పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ చేరింది. మీటరులో ఇంజిన్ లైటు వెలిగితే చెవితో విని చెప్పడం అన్నిసార్లూ కుదరదు, లోపాన్ని చదివి చెప్పే స్కానరు కావాలి. అది ఉన్న బయటి మెకానిక్కులూ ఉన్నారు. అయినా వారంటీ కాలంలో షెడ్యూలు ప్రకారం అధీకృత కేంద్రంలో సర్వీసు చేయించకపోతే క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి సాకు దొరుకుతుంది.

అందుచేత కొటేషను అడిగే ముందే ఒక శనివారం ఉదయం వర్క్‌షాపుకు వెళ్లి చూడటం మంచిది. బండి సర్వీసుకిచ్చిన ప్రతివారికీ చేయవలసిన పనులు రాసిన జాబ్ కార్డు చేతికిస్తున్నారా, స్పేర్స్ కౌంటరులో క్లచ్ కేబులూ బ్రేక్ ప్యాడ్లూ అడిగితే ఉన్నాయంటున్నారా, వారం తర్వాత రమ్మంటున్నారా అన్నది అరగంటలో తెలిసిపోతుంది. మీ ఊళ్లో ఆ కంపెనీకి వర్క్‌షాపు ఒక్కటే ఉండి, షోరూములన్నీ బండ్లను అక్కడికే పంపుతుంటే మాత్రం, ఆ సలహా చెప్పినట్టే, తక్కువకిచ్చిన చోట కొనుక్కోవచ్చు.