"కుటుంబానికి డీజిల్ ఎస్‌యూవీయే" అన్న మెసేజ్‌కు నా జవాబు

నెల రోజులుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ తిరుగుతోంది. మిర్యాలగూడ నుంచి ఒకరు పెడితే, వారం తిరక్కుండానే మహబూబ్‌నగర్ నుంచి ఇంకొకరు అదే పెట్టారు. సారాంశం ఇది: "అయిదారుగురున్న ఇంటికి కళ్లు మూసుకుని డీజిల్ ఎస్‌యూవీ తీసుకోండి. ఎక్కువ పెట్టిన డబ్బు మైలేజీలోనే తిరిగొస్తుంది. డీజిల్ ఇంజను మొండిది, ఎలా తిప్పినా ఓర్చుకుంటుంది. యాడ్‌బ్లూ అంటే ఉత్త యూరియా నీళ్లు, భయపడొద్దు. టార్క్ ఎక్కువ కాబట్టి ఊళ్లో ట్రాఫిక్‌కు అదే హాయి. ఎత్తు బండి కాబట్టి భద్రం. నమ్మకం లేకుంటే హైవే మీద ఒక రౌండు కొట్టి చూడండి." కింద వరసగా దండాలు, బొటనవేళ్లు.

నేను డీజిల్‌కు శత్రువును కాను. 2021 నుంచి నేను నడుపుతున్నది డీజిల్ ఎస్‌యూవీనే. ఉండేది నల్లగొండలో, పనిచేసే బడి ఇంటికి మూడు కిలోమీటర్లు. ఆ మూడు కిలోమీటర్ల దగ్గరే నాకూ ఆ మెసేజ్‌కూ పేచీ.

ముందు డబ్బు సంగతి. ఒకే మోడల్లో పెట్రోలుకూ డీజిల్‌కూ ఆన్‌రోడ్ ధరలో తేడా లక్షా అరవై వేలు అనుకుందాం. లీటరు పెట్రోలు 107, డీజిల్ 95 రూపాయలు అనుకుందాం. ఊళ్లో పెట్రోలు బండి లీటరుకు 12 కిలోమీటర్లు, డీజిల్ బండి 16 ఇస్తే, కిలోమీటరుకు దానికి దాదాపు 8.90, దీనికి 5.90 అవుతుంది. మిగిలేది మూడు రూపాయలు. లక్షా అరవై వేలు రాబట్టాలంటే 53 వేల కిలోమీటర్లు తిరగాలి. మా బావమరిది కాంట్రాక్టు పనుల మీద నెలకు పదిసార్లు హైదరాబాద్ పోయొస్తాడు, అంటే రెండు వేల కిలోమీటర్లు. వాడికి రెండేళ్ల చిల్లరలో తిరిగొస్తుంది. బడికీ కూరగాయలకూ కలిపి నేను తిరిగేది నెలకు అయిదు వందలు. నాకు తొమ్మిదేళ్లు పడుతుంది. మెసేజ్ రాసినాయన మా బావమరిది లాంటివాడై ఉండాలి.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. పెట్రోలు ధర మీద అదుపును కేంద్రం 2010లోనే వదిలేసింది, డీజిల్ మీద మాత్రం 2014 అక్టోబరు దాకా ఉంచుకుంది. ఆ మధ్యకాలంలో రెండింటి ధరలకూ బాగా ఎడం ఉండేది. అప్పుడు డీజిల్ కొన్నవాళ్లు నిజంగానే లాభపడ్డారు. వాళ్లే ఇప్పుడు మనకు సలహాలిచ్చే పెద్దబావలు, మేనమామలు.

ఇక "మొండి ఇంజను". నాకు బాగా కోపం తెప్పించిన ముక్క ఇదే, అందుకే కాస్త సాగదీస్తాను.

మొండి ఇంజన్లు ఉండేవి. సుమోలు, క్వాలిస్‌లు, పాత బొలెరోలు. పెళ్లికి పదిహేనుమందిని కుక్కుకుని, వెనకాల నల్లపొగ వదులుతూ పోయేవి. వాటికి ఊరైనా హైవే అయినా ఒకటే. ఆ పొగను బయటికి వదలొద్దన్న నిబంధనే బీఎస్6. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చింది. మారుతి ఆ సమయానికే డీజిల్ కార్లు ఆపేసింది. మిగతా కంపెనీలు సైలెన్సర్ దారిలో ఒక ఫిల్టర్ పెట్టాయి, దాన్ని డీపీఎఫ్ అంటారు. పొగలోని మసి అందులో చిక్కుకుంటుంది. చిక్కుకున్న మసిని బండే కాల్చేసుకోవాలి, దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద ఆగకుండా పోతున్నప్పుడు ఆ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. మూడు కిలోమీటర్లు పోయి ఆపేసే బండిలో ఇంజనే సరిగా వేడెక్కదు, ఇక ఫిల్టర్ ఎక్కడ వేడెక్కుతుంది? అప్పుడు బండి అదనంగా డీజిల్ చల్లి ఫిల్టర్‌ను వేడి చేసుకోవాలని చూస్తుంది. అది సగంలో ఉండగానే మనం తాళం తిప్పేస్తాం. మర్నాడు మళ్లీ మొదలు.

నా బండికి నాలుగో నెలలోనే డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. టెన్షన్ పడి సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేస్తే "హైవే మీద ఒక అరగంట తిప్పండి సార్" అన్నారు. కొనేటప్పుడు మా బడి ఎంత దూరమో చెప్పాను. అప్పుడు ఈ మాట ఒక్కరూ అనలేదు, మ్యాట్లు ఫ్రీ అని మాత్రం నాలుగుసార్లు చెప్పారు. ఆదివారం పొద్దున అద్దంకి రోడ్డు ఎక్కి, అరవైకి తగ్గకుండా మిర్యాలగూడ వైపు పోయాను. తిప్పర్తి దాటి వేములపల్లి చేరేసరికి దీపం ఆరింది. అక్కడే ఒక చాయ్ తాగి వెనక్కి వచ్చాను. నెలకొకసారి ఇదే నాకు అలవాటైంది. ఆ డీజిల్ ఖర్చు ఏ మైలేజీ లెక్కలోనూ ఉండదు.

ఆ దీపాన్ని పట్టించుకోకుండా తిప్పితే ఇంకో చిక్కు ఉంది. ఫిల్టర్ కోసం చల్లిన డీజిల్ పూర్తిగా కాలకపోతే, అందులో కొంత సిలిండర్ గోడల వెంట ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ తగ్గితే భయపడాలని మనకు తెలుసు. ఈ బండ్లలో ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద గీత దాటి పెరిగినా భయపడాలి, ఎందుకంటే పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఆయిల్ కూడా ఏదిపడితే అది పోయకూడదు, బూడిద తక్కువ వచ్చే రకమే వాడాలి. ఇంజన్లోకి డీజిల్ చల్లే ఇంజెక్టర్లలో ఒత్తిడి 1,600 బార్ నుంచి 2,000 బార్ దాకా ఉంటుంది. మన కారు టైర్లో గాలి రెండు బార్ల పైచిలుకు. ఇంత సున్నితమైన యంత్రంలోకి నీళ్లు కలిసిన డీజిల్ పోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. "ఆ ఫిల్టర్ పీకించేస్తే గొడవే ఉండదు" అని మెసేజ్ కింద ఒకాయన సలహా. అది నిబంధనలకు విరుద్ధం, వారంటీ కూడా పోతుంది. ఆయన పీకించుకున్న బండి వెనక నడిచేది మన పిల్లలే.

యాడ్‌బ్లూ గురించి రెండు ముక్కలు. పొగలోని విషవాయువులను తగ్గించడానికి బండిలో విడిగా పోసే ద్రవం ఇది. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు, కాబట్టి మెసేజ్‌లో చెప్పింది అబద్ధం కాదు. కానీ అది చదివి మావాడొకడు "సొసైటీలో తెచ్చిన సంచి ఇంట్లోనే ఉంది కదా" అన్నాడు. ఆ యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత ఉంటోంది. అది వరిమడికే. బండిలో పోస్తే సన్నటి నాజిల్ పూడుకుపోతుంది. యాడ్‌బ్లూ అవసరమున్న బండిలో అది పూర్తిగా అయిపోతే, ఒకసారి ఆపిన ఇంజను మళ్లీ స్టార్ట్ కాదు. ముందే హెచ్చరికలు వస్తాయి, చూసుకుంటే చాలు. అన్ని డీజిల్ బండ్లకూ ఇది ఉండదు కాబట్టి కొనేముందు అడగండి.

టార్క్, అంటే ఇంజను చక్రాన్ని తిప్పే బలం, ఆ మాట కొంత నిజం. దాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. హ్యుందాయ్ క్రెటాలో 1.5 లీటర్ డీజిల్ ఇంజను 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) నుంచే 250 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. అదే బండిలో మామూలు పెట్రోలు ఇంజనుది 144, అదీ 4,500 దగ్గర. బండి నిండా మనుషుల్ని ఎక్కించుకుని ఏసీ వేసుకుని మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఈ తేడా కాలికి తెలుస్తుంది. అయితే ఆ 1,500 కింద ఏముందో మెసేజ్ చెప్పదు. క్లాక్‌టవర్ దగ్గర సాయంత్రం ఆరుకు మనం బతికేది ఆ 1,500 కిందే. ఇంజన్లోకి అదనంగా గాలి నెట్టే టర్బో మేలుకోదు, గేరు దించాలి, క్లచ్ బరువు, ఎడమ మోకాలు సాక్షి. మాన్యువల్ తీసుకుని తప్పు చేశాననుకుంటాను, ఆటోమేటిక్ అయితే ఈ బాధ చాలావరకు పోతుంది. పైగా టార్క్ కోసమే డీజిల్ అనేవాళ్లు ఒకటి చూడాలి. అదే క్రెటాలో టర్బో పెట్రోలు ఇంజను 253 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. తాగుడు మాత్రం ఎక్కువ.

భద్రతకూ డీజిల్‌కూ సంబంధమే లేదు. ఎత్తు బండి మలుపులో ఎక్కువ ఒరుగుతుంది కూడా. 2023 అక్టోబరు నుంచి కార్లను గుద్దించి భద్రతకు స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలున్నాయి, ఆ ఏడాది డిసెంబరులో వాటిలో మొదట 5 స్టార్లు తెచ్చుకున్నవి టాటా హారియర్, సఫారీ. కొనే మోడల్‌కు ఎన్ని స్టార్లో చూసుకోండి, ఎత్తు చూసి కాదు.

మెసేజ్ కింద భయపెట్టే బ్యాచ్ కూడా ఉంది. "పదేళ్లకు డీజిల్ బండి తుక్కే" అని. ఆ పదేళ్ల ఆంక్ష ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, 2025లో కొంత సడలించింది. తెలంగాణలో సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపైన ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవచ్చు. ఢిల్లీ వార్త చూసి నల్లగొండలో బండి అగ్గువకు అమ్ముకోకండి.

చివరిది, హైవే మీద రౌండు. డీజిల్ ఎస్‌యూవీ ఎక్కడ బాగుంటుందో అక్కడికే తీసుకెళ్లి చూపిస్తామంటున్నారు. చౌటుప్పల్ దాటాక ఎనభైలో పోతుంటే ఏ డీజిల్ బండైనా పాలమీద మీగడలా ఉంటుంది. నేనూ అలాగే పడిపోయాను. బండిని మీ ఇంటికి తెప్పించండి. పొద్దున చల్లగా ఉన్న ఇంజను మీరే స్టార్ట్ చేసి, ఆ గరగర లోపలికి ఎంత వినిపిస్తోందో వినండి. మీ గల్లీలో రివర్స్ చేయండి. స్పీడ్ బ్రేకర్ల మీద ఇరవైలో పోనిచ్చి వెనక సీట్లో కూర్చోండి, ఎందుకంటే పెద్ద టైర్లు, గట్టి సస్పెన్షన్ ఉన్న బండి కొన్నిసార్లు నెమ్మదిలోనే ఎక్కువ కుదుపుతుంది. ఇంట్లో పెద్దవాళ్లతో తలుపు తీయించి, ఎక్కించి, దింపండి. నేను ఈ చివరి పని చేయలేదు. బండి ఇంటికొచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టాక మా అమ్మ ఎక్కబోయి, చీర కుచ్చెళ్లు పట్టుకుని ఆ ఎత్తును చూసి ఆగిపోయింది. లోపలికి పోయి స్నానాల గదిలోని నీలం ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశాను. అది ఇప్పటికీ డిక్కీలోనే ఉంటుంది.