తాళం పగిలితేనే దొంగతనమా? డీజే సామగ్రి బీమాలో కనిపించని మెలికలు

పెళ్లి బారాత్ ముగిసి జనం భోజనాలకు వెళ్లిపోయాక, ఫంక్షన్ హాల్ వెనుక డీజే కుర్రాళ్లు సామాను సర్దుకుంటూ ఉంటారు. బేస్, టాప్ స్పీకర్ బాక్సులను ముగ్గురు నలుగురు కలిసి డీసీఎంలోకి ఎక్కిస్తారు. పాటలు కలిపి వాయించే కంట్రోలర్, ల్యాప్‌టాప్ ఉన్న సంచిని డ్రైవరు సీటు పక్కన పెట్టి, మిగిలిన కేబుళ్లు చుట్టుకోవడానికి అందరూ మళ్లీ లోపలికి వెళ్తారు. పది నిమిషాల తర్వాత తిరిగొచ్చి చూస్తే ఆ సంచి లేదనుకుందాం. క్యాబిన్‌కు తాళం వేయలేదు, అద్దం పగల్లేదు, చూసినవాళ్లు ఎవరూ లేరు. యజమాని దగ్గర బీమా పాలసీ ఉంది, ప్రీమియం సకాలంలోనే కట్టాడు. అయినా ఈ నష్టానికి చాలా పాలసీల కింద పైసా రాదు.

ఎందుకు రాదన్నది పాలసీలోని మాటల్లో ఉంది. మనం వాడుకలో దొంగతనం అన్నదానికి బీమా పత్రాల్లో రెండు మూడు వేర్వేరు అర్థాలు ఉన్నాయి. దుకాణాలకు, గోదాములకు అమ్మే బర్గ్లరీ పాలసీ వర్తించాలంటే దొంగ బలప్రయోగంతో లోపలికి చొరబడి ఉండాలి, అంటే తాళమో తలుపో గోడో పగిలిన ఆనవాలు కనిపించాలి. 2004లో యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చి చెప్పింది: పాలసీలో బలప్రయోగం అనే షరతు స్పష్టంగా ఉన్నప్పుడు, అది లేకుండా జరిగిన దొంగతనానికి పరిహారం రాదని, ఒప్పందంలోని మాటలను రాసినవి రాసినట్టుగానే చదవాలని తీర్పునిచ్చింది. న్యాయసూత్రంగా దానిలో తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ షరతు గోడలూ తలుపులూ ఉన్న వ్యాపారం కోసం పుట్టింది. డీజే వ్యాపారానికి గోడలు లేవు. దాని ఆస్తి రోజుకో ఊళ్లో, అర్ధరాత్రి పూట, జనం మధ్య, ఆ రోజుకు కూలికి వచ్చినవాళ్ల చేతుల మీదుగా తిరుగుతుంది. నిలకడగా ఒకచోట ఉండే వస్తువుల కోసం రాసిన పాలసీని తిరిగే వస్తువులకు తగిలించి అమ్మడమే ఈ రంగంలో మొదటి చిక్కు అని నా అభిప్రాయం.

మార్కెట్లో దొరికే పాలసీలను ఒక్కొక్కటిగా చూస్తే ఇది తెలుస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ, ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయల లోపు ఉండే చిన్న వ్యాపారాల కోసం రూపొందింది. అగ్నిప్రమాదం, వరద, తుపాను వంటి వాటికి అది మంచి రక్షణే. వానాకాలంలో సామాను దాచిన గదిలోకి నీళ్లు వస్తే పనికొస్తుంది. దొంగతనం విషయానికి వస్తే మాత్రం, అలాంటి ప్రమాదం ఏదైనా జరిగిన ఏడు రోజుల లోపు, ఆ ప్రమాదం కారణంగా జరిగిన చోరీకే అది వర్తిస్తుంది. మామూలు చోరీ దాని పరిధిలో లేదు, ఊరేగింపులో ఉన్న సామాను అసలే లేదు. అదే రోజు మొదలైన భారత్ గృహ రక్ష ఇంటికీ ఇంటి సామానుకూ ఉద్దేశించినది. ఇంట్లోనే ఒక గదిలో బాక్సులు పెట్టుకుని కిరాయికి తిప్పే కుర్రవాడు, ఇంటి పాలసీ ఉంది కాబట్టి అవి కూడా భద్రమే అనుకుంటే పొరపాటు.

ఎలక్ట్రానిక్ సామగ్రి పాలసీ ఇంతకంటే దగ్గరగా వస్తుంది. అయితే అదీ ప్రాథమికంగా పాలసీలో రాసిన చిరునామాలో ఉన్న యంత్రాలకే. వాటిని బయటికి తీసుకెళ్లినప్పుడు కూడా రక్షణ కావాలంటే పోర్టబుల్ సామగ్రి అనే అదనపు షరతును విడిగా అడిగి, దానికి ప్రీమియం కట్టి, ఆ కాగితాన్ని పాలసీకి జతచేయించుకోవాలి. కెమెరాలకు, ల్యాప్‌టాప్‌లకు, నగలకు ఇచ్చే ఆల్ రిస్క్ పాలసీ నిజంగా ఈ పనికి తగినది. అందులో మినహాయింపుగా రాసినవి తప్ప మిగిలిన ప్రమాదాలన్నీ కలుస్తాయి: చేయి జారి పడిపోవడం, మిక్సర్ మీద శీతల పానీయం ఒలకడం, వేదిక కూలడం వంటివి. పేరులో ఆల్ ఉంది కదా అని అన్నీ ఉంటాయనుకోకూడదు. ఈ పాలసీని మొదటి పేజీ నుంచి కాక, మినహాయింపుల పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాలి.

ఆ పేజీలో డీజేలను దెబ్బతీసే మాటలు మూడు. మొదటిది కాపలా లేని వాహనం. మనిషి లేని వాహనంలోంచి పోయిన వస్తువుకు పరిహారం ఇవ్వమని, ఇచ్చినా వాహనం పూర్తిగా మూసి తాళం వేసి ఉండి, బలవంతంగా తెరిచిన గుర్తులు ఉంటేనే ఇస్తామని సాధారణంగా రాస్తారు. టార్పాలిన్ కప్పిన బొలెరో ట్రాలీ, వెనుక తలుపు లేని టాటా ఏస్ ఈ షరతును ఏ జన్మలోనూ తీర్చలేవు. రెండోది నమ్మి అప్పగించినవాళ్ల ద్రోహం. సొంత పనివాళ్లు చేసిన చోరీ, కిరాయికి తీసుకెళ్లినవాడు తిరిగి ఇవ్వకపోవడం చాలా పాలసీల్లో మినహాయింపులే. ముహూర్తాల కాలంలో ఒకే రాత్రి మూడు పెళ్లిళ్లు వస్తే, ఒకరి బాక్సులు ఇంకొకరు తీసుకెళ్లడం ఈ వృత్తిలో రోజువారీ మర్యాద. ఆ మర్యాదను బీమా కంపెనీకి ముందే చెప్పి పాలసీలో రాయించుకోకపోతే, స్నేహితుడి పెళ్లి పందిరిలో పోయిన యాంప్లిఫయర్ ఎవరి లెక్కలోకీ రాదు. మూడోది అరుగుదల, విద్యుత్ లేదా యాంత్రిక లోపం. రాత్రంతా పెంచి వాయించడం వల్ల బేస్ స్పీకరు కాయిల్ కాలిపోతే దాన్ని ప్రమాదంగా కాక వాడకంలో వచ్చిన లోపంగా చూసే అవకాశమే ఎక్కువ. పల్లెల్లో జనరేటర్ వోల్టేజీ ఎగసిపడి మిక్సర్ మాడిపోవడం మనకు మామూలే కాబట్టి, ఆ ప్రమాదం పాలసీలో ఉందో లేదో ప్రీమియం కట్టకముందే రాతపూర్వకంగా అడగాలి.

దారిలో జరిగే నష్టం గురించి ఒక అపోహ బలంగా ఉంది. డీసీఎంకు ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి బండి బోల్తాపడినా లోపలి సామానుకు డబ్బు వస్తుందని చాలామంది నమ్ముతారు. వాహన బీమా వాహనానికీ, అది ఇతరులకు చేసిన హానికీ సంబంధించినది. బండిలోని సరుకు దానిలో భాగం కాదు. సరుకుకు రవాణా రక్షణ వేరుగా కావాలి, అందులో ఎక్కించేటప్పుడు దించేటప్పుడు జరిగే నష్టం కూడా ఉందో లేదో చూసుకోవాలి. బరువైన బాక్సులకు దెబ్బ తగిలేది దారిలో కంటే ఆ రెండు సందర్భాల్లోనే కదా.

బీమా మొత్తం ఎంత రాయించాలన్న దగ్గర జరిగే పొరపాటు ఇంకా ఖరీదైనది. ప్రీమియం తగ్గుతుందని విలువను తగ్గించి రాయించుకునే అలవాటు మనవాళ్లలో ఉంది. 8 లక్షల రూపాయల సామగ్రిని 4 లక్షలకే రాయించి, అందులో లక్ష రూపాయల కంట్రోలర్ పోయిందనుకుందాం. లక్ష నష్టం 4 లక్షల లోపే ఉంది కాబట్టి మొత్తం వస్తుందని యజమాని లెక్క. కంపెనీ లెక్క వేరు. సగం విలువకే బీమా చేశారు కాబట్టి మిగిలిన సగానికి మీకు మీరే బీమా కంపెనీ అన్నట్టు భావించి, నష్టంలోనూ సగమే, అంటే 50 వేలే లెక్కిస్తుంది. దానిలోంచి పాలసీదారు భరించాల్సిన మొదటి కొంత మొత్తం, తరుగుదల కూడా పోతాయి. ఎలక్ట్రానిక్ సామగ్రి పాలసీలో బీమా మొత్తాన్ని కొత్త వస్తువు ధర మీద నిర్ణయించాలి. కానీ వస్తువు పూర్తిగా పోయినప్పుడు చెల్లించేది వాడిన కాలాన్ని బట్టి తరుగు తీసేసిన విలువ. ఈ రెండింటి మధ్య తేడాను ఏజెంట్లు విడమరిచి చెప్పడం అరుదు. కొత్తది కొనడానికి సరిపడా డబ్బు రావాలంటే ఆ మాట పాలసీలో ఉండేలా బేరమాడాలి. అది దొరక్కపోతే, మూడేళ్ల పాత కంట్రోలర్‌కు ఎంత వస్తుందో ముందే అంచనా వేసుకోవాలి.

ఇక బిల్లుల సంగతి. ఈ వృత్తిలోకి వచ్చే కుర్రాళ్లలో చాలామంది మొదటి కంట్రోలర్‌ను పాతదే కొంటారు, ఇంకో డీజే దగ్గర చేతి మారకంగా, డబ్బు చేతికిచ్చి. బిల్లు లేని వస్తువు పోతే, అది మీదేనని, దాని విలువ ఇంత అని, నష్టాన్ని అంచనా వేయడానికి వచ్చే సర్వేయరుకు చూపడానికి ఏమీ ఉండదు. పాతది కొన్నా సరే, అమ్మినవాడి సంతకంతో ఒక రసీదు, యూపీఐ చెల్లింపు వివరం, వస్తువు అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫొటో, ఏడాదికోసారి సామాను మొత్తం పరిచి తీసిన వీడియో ఉంచుకుంటే కొంత ఆధారం ఏర్పడుతుంది. ముద్ర రుణంతో కొన్నవాళ్లకు మరో జాగ్రత్త అవసరం. పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటే, పరిహారం ముందుగా బ్యాంకు బాకీకే జమ అవుతుంది.

తెలంగాణలో ఈ చర్చకు ఇంకో కోణం ఉంది. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేల వాడకాన్ని నిషేధించారు. దానికి ముందు నుంచే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్ల మీద ఆంక్ష ఉంది. జనావాసాల్లో పగటి పూట పరిమితి 55 డెసిబెల్స్. చట్టబద్ధమైన అధికారులు స్వాధీనం చేసుకున్న వస్తువులకు బీమా పాలసీలు సాధారణంగా వర్తించవు. అలా తీసుకెళ్లాక పోలీస్ స్టేషన్ ఆవరణలో వానకు తడిసి పాడైన బాక్సుకు కూడా పరిహారం ఆశించలేం. నిషేధాన్ని ఉల్లంఘించి వాయిస్తుండగా తోపులాటలో సామాను విరిగితే, చట్టవిరుద్ధమైన పనిలో జరిగిన నష్టమని కంపెనీ వాదించే వీలుంది. ఆ నిషేధం వెనుక ఉన్న కారణాలను నేను కాదనను. వృద్ధులు, హృద్రోగులు పడే బాధ నిజమైనది. బీమా వరకు చెప్పవలసింది ఏమంటే, అనుమతి పత్రం నకలు లేకుండా బయల్దేరిన సామాను సగం రక్షణను ఇంటి దగ్గరే వదిలేసి బయల్దేరినట్టు.

నష్టం జరిగాక మొదటి ఇరవై నాలుగు గంటలే క్లెయిమ్ భవితవ్యాన్ని నిర్ణయిస్తాయి. పెళ్లి వేరే జిల్లాలో, ఇల్లు ఇంకో జిల్లాలో ఉన్నప్పుడు మా పరిధి కాదని పోలీసులు తిప్పి పంపకుండా, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ ప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేసే వీలు కల్పించింది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపిన ఫిర్యాదు మీద మూడు రోజుల్లోపు సంతకం చేయాలి. వస్తువు పోగొట్టుకున్నట్టు ఇచ్చే రసీదు వేరు, దొంగతనం మీద నమోదైన ఎఫ్ఐఆర్ వేరు. మొదటిదానితో సరిపెట్టుకుంటే, పోయింది మీ అజాగ్రత్త వల్లేనని మీరే రాసిచ్చినట్టు అవుతుంది. వాహన చోరీ కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు, ఎఫ్ఐఆర్ వెంటనే నమోదై ఉంటే, బీమా కంపెనీకి సమాచారం ఆలస్యంగా వెళ్లిందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ను తిరస్కరించరాదని చెప్పింది. ఆ ధోరణి ఊరటనిచ్చేదే అయినా, దాని మీద ఆధారపడి ఆలస్యం చేయడం మాత్రం తగదు.

కంపెనీ కాదంటే తలుపులు మూసుకుపోయినట్టు కాదు. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, ఏడాది లోపు, బీమా వివాదాలను పరిష్కరించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. హైదరాబాద్‌లో ఆ కార్యాలయం ఉంది. వ్యక్తులతో పాటు ఏకవ్యక్తి వ్యాపారాలు, సూక్ష్మ సంస్థలు కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చన్న సంగతి డీజే యజమానుల్లో ఎంతమందికి తెలుసో అనుమానమే. చిన్న సంస్థలు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు. అది చేయించుకుంటే తాను సూక్ష్మ సంస్థనని చూపడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. 2023 సవరణ తర్వాత అంబుడ్స్‌మన్ 50 లక్షల రూపాయల వరకు పరిహారం నిర్ణయించవచ్చు, ఆ ఉత్తర్వుకు కంపెనీ కట్టుబడాలి.

ఇంతవరకు చెప్పిన జాగ్రత్తల భారమంతా డీజే మీదే పడటం న్యాయం కాదు. బీమా నియంత్రణ సంస్థ 2022 జూన్‌లో, దాదాపు అన్ని సాధారణ బీమా పాలసీలను ముందస్తు అనుమతి లేకుండానే మార్కెట్లోకి తెచ్చే స్వేచ్ఛను కంపెనీలకు ఇచ్చింది. ప్రయోగాత్మక పథకాల కోసం 2019లోనే శాండ్‌బాక్స్ నిబంధనలు వచ్చాయి. కాబట్టి ఊరూరా తిరిగే సౌండ్, లైటింగ్ వృత్తికి తగిన పాలసీ లేకపోవడానికి నిబంధనలను తప్పుపట్టలేం. ఒంటరి డీజే చిన్న ఖాతాదారు, అతని కోసం పాలసీ మాటలు మార్చే ఓపిక ఏ కంపెనీకీ ఉండదు. బ్రిటన్‌లో మ్యూజిషియన్స్ యూనియన్ తన సభ్యత్వంతో పాటే వాద్యాలకు, పరికరాలకు ఒక పరిమితి వరకు బీమా కల్పిస్తోంది. మన జిల్లాల్లోనూ సౌండ్ సిస్టమ్స్, టెంట్ హౌస్ యజమానుల సంఘాలు ఉన్నాయి. అవి కిరాయి ధరలు కట్టడి చేసుకోవడానికి కూర్చున్నట్టే గ్రూపు పాలసీ కోసమూ కూర్చుని, రెండు మాటల మీద పట్టుబట్టాలి. సామాను ఎక్కించే, దించే సమయంలో బండి దగ్గర మనిషి లేని కొద్ది నిమిషాలను కాపలా లేని వాహనం కింద లెక్కించకూడదు. సంఘ సభ్యుల మధ్య సామాను చేతులు మారడాన్ని కిరాయి మినహాయింపు కింద చూడకూడదు. ఈ రెండూ పాలసీలో రాసి ఉంటే, ఆ ఫంక్షన్ హాల్ వెనుక సంచి పోయిన యజమానికి కనీసం సర్వేయరు వచ్చి చూసే దాకా అయినా క్లెయిమ్ నిలబడుతుంది.