తుపాకీ పట్టనన్న వాడికి చోటివ్వాల్సిందే

2010లో రాసుకుని అటకెక్కించిన నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని మయన్మార్ సైనిక పాలకులు 2024 ఫిబ్రవరి 10న దుమ్ము దులిపి అమల్లో పెట్టారు. 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు, 18 నుంచి 27 ఏళ్ల ఆడవాళ్లు రెండేళ్లు సైన్యానికి ఊడిగం చేయాలి. అత్యవసర పరిస్థితి అంటే అయిదేళ్లు. తర్వాత జరిగింది తెలిసిందే. మండలేలో పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర తొక్కిసలాటలో ఇద్దరు ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కుర్రాళ్లు థాయ్‌లాండ్ వైపు, మన మిజోరం, మణిపూర్ వైపు పరుగులు తీశారు. వాళ్లను ఉండనివ్వాలా, తిప్పి పంపాలా అన్నది ఢిల్లీ, ఐజ్వాల్ తేల్చుకునే సంగతి, ఒడిశాలోని బరంపురం తెలుగువాళ్లకెందుకీ గొడవ అనేవాళ్లున్నారు. మనకు కాక ఇంకెవరికి?

గోపాలపూర్ రేవులో స్టీమరెక్కి రంగం (రంగూన్) పోయిన గంజాం కూలీల మనవలం, మునిమనవలం మనం. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి చొచ్చుకొచ్చినప్పుడు ఓడలో చోటు దొరకనివాళ్లు కాలినడకన బయల్దేరారు. కొందరు అరకాన్ కొండల మీదుగా, ఇంకొందరు సరిహద్దు ఊరు టాము దాటి ఇంఫాల్‌కి. కలరా వచ్చి, తిండి లేక దారిలోనే వేలమంది పోయారు. మయన్మార్‌లోని సగాయింగ్ నుంచి తప్పించుకున్న కుర్రాడు ఈరోజు మణిపూర్‌లో అడుగుపెడుతున్నదీ ఆ టాము వైపు నుంచే.

వాళ్లు సొంత దేశానికి తిరిగొచ్చారు, వీళ్లు పరాయివాళ్లు కదా అంటారు. సరే, అయితే గజపతి జిల్లా చంద్రగిరి చూడండి. 1963 నుంచి అక్కడ టిబెటన్లున్నారు. కొండవాలులో మొక్కజొన్న పండిస్తారు. జీరంగలో పెద్ద బౌద్ధారామం కట్టుకున్నారు. మల్కనగిరి వెళితే ఎంవీ (మల్కనగిరి విలేజ్) అక్షరాల పక్కన నంబర్లే పేర్లయిన ఊళ్లు కనిపిస్తాయి. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు పాకిస్తాన్ బెంగాలీలకు కేటాయించిన ఊళ్లవి. ఆ కేటాయింపులో ఆదివాసీల అడవి పోయిన మాటా నిజమే, దానిమీద వేరే వ్యాసం రాయాలి. అయినా పరాయివాళ్లొస్తే జిల్లా మునిగిపోతుందని భయపెట్టేవాళ్లు ముందు ఈ రెండు చోట్లకూ వెళ్లి రావాలి.

ఇక అసలు వాదన. మయన్మార్ సైన్యానికి ఇంతమంది కుర్రాళ్లు ఎందుకు కావాల్సొచ్చింది? అప్పటికి ఓడిపోతూ వచ్చింది కనుక. 2023 అక్టోబర్ 27న మూడు సాయుధ సంస్థలు కలిసి మొదలుపెట్టిన దాడిలో షాన్ రాష్ట్రంలో పట్టణాలకు పట్టణాలు చేజారాయి. సొంత ఊళ్లమీద విమానాలతో బాంబులు వేసే సైన్యంలో ఎవరు మనసుపడి చేరతారు? పట్టుకుపోతేనే చేరతారు. పట్టుకుపోయినవాడి చేతికి తుపాకీ ఇచ్చి కాల్చమనేది పక్క ఊరివాళ్లనే. అలాంటి సైన్యం నుంచి తప్పించుకొచ్చినవాణ్ని సరిహద్దు దగ్గర పట్టుకుని వెనక్కి అప్పగిస్తే ఆ జనరళ్లకు మనం ఒక సిపాయిని సమకూర్చినట్టే. దానికి తటస్థ విధానం అని పేరు పెట్టుకుంటే సరిపోతుందా? ఉండనిస్తే మాత్రం ఆ యుద్ధానికి ఒక మనిషి తగ్గుతాడు. ఇంత చవకైన శాంతి ప్రయత్నం ఇంకొకటి నాకు తెలీదు.

ఇదేం కొత్త వింత కాదు. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్న అమెరికా కుర్రాళ్లను కెనడా వేల సంఖ్యలో రానిచ్చింది. 2022 సెప్టెంబర్‌లో పుతిన్ 3 లక్షల మందిని సమీకరించమన్నప్పుడు రష్యాతో అంత స్నేహమున్న కజఖ్‌స్తాన్ కూడా తలుపులు వేయలేదు. సిరియా సైన్యాన్ని తప్పించుకున్న ఒక యువకుడి కేసులో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2020 నవంబర్‌లో దారి చూపింది. యుద్ధ నేరాలు మామూలైపోయిన సైన్యంలో చేరనన్నవాణ్ని శిక్షించడాన్ని రాజకీయ, మత కారణాలతో జరిగే వేధింపుగా భావించడానికి బలమైన ఆస్కారం ఉందని చెప్పింది.

మరి ఉక్రెయిన్ మాటేమిటి, దురాక్రమణను ఎదిరిస్తున్న దేశం నుంచి మగవాళ్లంతా పోతే దాన్ని ఎవరు కాపాడతారు అని అడుగుతారు. గట్టి ప్రశ్నే. న్యాయమైన యుద్ధానికి జనాన్ని పిలిచే హక్కు ఆ దేశానికి ఉండొచ్చు. ఆ పిలుపును అమలు చేసే పోలీసు పని పొరుగు దేశానిది మాత్రం కాదు. అఘాయిత్యాలు చేసొచ్చిన సైనికుడు ఆశ్రయం ముసుగులో దూరకుండా విచారణ జరపాలి, అందులో రెండో మాట లేదు.

విచారణ అనగానే మన అసలు జబ్బు బయటపడుతుంది. విచారించడానికి మనకు చట్టమేదీ? 1951 శరణార్థుల ఒప్పందంలో భారత్ చేరలేదు. 2021 మార్చిలో మయన్మార్ జనం మిజోరంలోకి వస్తుంటే, శరణార్థి హోదా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదని కేంద్ర హోం శాఖ లేఖ రాసింది. మిజోలు లెక్కచేయక అన్నం పెట్టారు. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి 2025లో కొత్త చట్టమొచ్చినా శరణార్థికి హక్కుగా దక్కిందేమీ లేదు. అరుణాచల్‌లో తలదాచుకున్న చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు 1996లోనే విదేశీయుడికీ 21వ అధికరణం కింద ప్రాణ రక్షణ ఉందని తేల్చింది. అయినా టిబెటన్‌కి భూమి, మయన్మార్ చిన్ తెగ కుర్రాడికి గుడారం, రోహింగ్యాకి నిర్బంధ కేంద్రం! ఎవరికేది దక్కాలో ఆనాటి ప్రభుత్వం ఇష్టం.

మన బరంపురం, కోరాపుట్ ఎంపీలు వచ్చే సమావేశాల్లో ఒక ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టొచ్చు. నాలుగు పేజీలు చాలు: నిర్బంధ సైనిక సేవ నుంచి పారిపోయి వచ్చానన్నవాడి మాట ఒక అధికారి కూర్చుని వినాలి, విని తేల్చేదాకా వెనక్కి పంపకూడదు, ఈలోగా కూలి చేసుకు బతకనివ్వాలి, కాదంటే కోర్టుకెళ్లే దారుండాలి.